బందరు మంచినీరు

కృష్ణానది ప్రక్కన కాపురముండువారికి నీటి కరవు అను మాటయే వింతగా తోచును. కాని ఆ కృష్ణ సముద్రమున కలియు ప్రాంతమునకు చేరువనే యున్న బందరు పట్టణమునకు నాలుగు వందల యేండ్లకు పైగా మంచినీటి చింత వదలలేదు. నాలుగడుగులు త్రవ్విన నీరు పడును. తూర్పుగా నడచిన సముద్రము. వానాకాలము వచ్చినచో వీధులలోనే నీరు. త్రాగుటకు మాత్రము బిందెడు నీరు ఎక్కడినుండియో రావలెను. ఆ నీరు ఎక్కడినుండి వచ్చినది, ఎవరు తెచ్చిరి, వచ్చు దారిలో ఏమేమి కలుపుకొని వచ్చుచున్నది అనునదే ఈ ప్రసంగమునకు విషయము.

గ్రంథములలో మచిలీపట్నమనియు, నోటిమాటలో బందరనియు పిలువబడు ఈ యూరు చాల పాతది. గ్రీకు భూగోళవేత్త టాలెమీ క్రీ. శ. 2వ శతాబ్దిలో పేర్కొనిన మైసోలియా ఈ తీరమేయని చరిత్రకారుల అభిప్రాయము. గోలకొండ కుతుబ్‌షాహీల కాలమున అది ఆ రాజ్యమునకు ప్రధానమైన రేవు. 1606లో డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును ఇక్కడ వర్తకస్థానములు పెట్టుకొనిరి. పిదప ఫ్రెంచివారు వచ్చిరి. ఆ దొరలు పోయిరి గాని, వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట అను పేర్లు మాత్రము నిలిచినవి. ఈ రేవునుండి ఎట్టి అద్దకపు బట్ట ఏ దేశమునకు పోయినదో లెక్కకట్టిన పుస్తకములు బీరువాల నిండ కలవు. ఆ బట్టను అద్దినవాడును, ఓడకు మోసినవాడును, కొన్నవాడును ఏ నీరు త్రాగిరో వ్రాసినవారు తక్కువ.

ఆ కొద్దిమందిలో విలియం మెత్‌వోల్డు ఒకడు. 1620 ప్రాంతమున అతడు బందరులో ఇంగ్లీషు కంపెనీ వర్తకమునకు పెద్దగా నుండెను. గోలకొండ రాజ్యమును గూర్చి అతడు వ్రాసిన వర్ణనము 1626లో అచ్చయినది. బందరులోని ఊటలన్నియు ఉప్పనివనియు, సముద్రము పొంగినపుడు ఊరి చుట్టును నీరు క్రమ్ముచుండుననియు అతడు అందులో తెలిపెను. వర్తకునికి లాభనష్టములు తప్ప ఇతరము కనబడదందురు గాని, ఇతడు బావిలోనికి కూడ తొంగిచూచినాడు! ఊరికి రెండు మైళ్ళ దూరముననున్న కోట మరింత చిత్తడిలో నుండెను. ఆ చిత్తడి తమను కాపాడునని నమ్మిన ఫ్రెంచివారికి 1759 ఏప్రిల్ నెలలో నిరాశ కలిగినది. కర్నలు ఫోర్డు సేన రాత్రివేళ దానిని దాటి కోటను పట్టుకొనెను. సేనలను ఆపలేని ఆ చిత్తడి మంచినీటి ఊటలను మాత్రము పుట్టనీయలేదు.

ఇది యెవరి శాపమును కాదు. నేల పుట్టుకయే యట్టిది. కృష్ణ తెచ్చిన ఒండ్రుమట్టి సముద్రమును కొంచెము కొంచెముగా వెనుకకు నెట్టి యేర్పరచిన భూమి ఇది. వెనుకకు పోవుచు సముద్రము తన నీటిని కొంత మట్టిపొరలలోనే విడిచిపోయినది. జిగురుమట్టిలో నీరు సులభముగా కదలదు గనుక, వేల యేండ్ల నాటి యుప్పు ఇంకను అందులోనే నిలిచియున్నది. అక్కడక్కడ మాత్రము పూర్వపు తీరరేఖల గుర్తులుగా ఇసుకదిబ్బలు మెరకగా నిలిచి వాననీటిని పీల్చుకొనును. మంచినీరు ఉప్పునీటికంటె తేలిక. అందుచేత ఇసుకలో ఇంకిన వాననీరు అడుగుననున్న ఉప్పునీటిపై, మజ్జిగమీది వెన్నవలె, తేలుచుండును. 19వ శతాబ్ది చివర హాలెండు దేశీయుడైన ఘైబెను, 1901లో జర్మనీ దేశీయుడైన హెర్జ్‌బర్గు దీనికొక లెక్క కట్టిరి. సముద్రమట్టమునకు పైన మంచినీరు ఒక అడుగు ఎత్తుననున్నచో, మట్టమునకు దిగువన రమారమి 40 అడుగుల వరకు మంచినీరే యుండునట.

వినుటకు ఇది మంచివార్తయే. కాని దీనిని త్రిప్పి చూడవలెను. పైనున్న నీటిమట్టమును ఒక అడుగు దించితిమా, క్రిందనున్న ఉప్పునీరు 40 అడుగులు పైకెక్కుటకు దారి యిచ్చినట్లే. మన తీరపు పల్లెలవారు ఘైబెను పేరు వినలేదు. అయినను ఇసుకలో లోతులేని చెలమ తీసి, చిప్పతో మెల్లమెల్లగా నీరు చేదుకొనుట వారికి తాతల నాటినుండి తెలిసిన విద్య. లోతుగా త్రవ్వినను, తొందరపడి తోడినను చెలమ చెడును. మన కాలమున మోటారు పంపులు వచ్చిన తరువాత ఈ జాగ్రత్త మరుగున పడినది.

ఉప్పెంత యున్నచో నీరు చెడినట్లు? సముద్రజలమున లీటరుకు సుమారు 35 గ్రాముల లవణములుండును. త్రాగునీటిలో కరిగిన లవణములు లీటరుకు అరగ్రాము మించకుండుట మేలని భారతీయ ప్రమాణముల సంస్థ నిర్ణయించినది. వేరు ఆధారము లేనిచోట 2 గ్రాముల వరకు సహింపవచ్చునన్నది. అనగా 50 బిందెల మంచినీటిలో ఒక్క బిందె సముద్రపు నీరు కలిసినను మొదటి హద్దు దాటిపోవును. నీరు కాచి చల్లార్చి త్రాగుడని మేము రేడియోలో ఏటేట చెప్పుచునే యుందుము. మంచి సలహాయే. కాని కాచినచో సూక్ష్మక్రిములు చచ్చును గాని ఉప్పు చావదు. నీరు ఇగిరిన కొలది అది చిక్కబడును కూడ.

కాబట్టి పూర్వకాలమున బందరు ప్రజలకు ఆకాశమే దిక్కు. వాన కురిసి నిండిన చెరువులు, గుంటలు, కోనేరులు వారిని కాపాడవలసియుండెను. నేటికిని ఆ పట్టణపు నడిబొడ్డుననున్న కూడలిని కోనేరు సెంటరనియే పిలుతురు. కావడులమీద, చంకన బిందెలమీద నీరు ఇల్లు చేరెడిది. చిల్లగింజను కుండ లోపలి వైపున అరగదీసినచో మట్టి అడుగునకు దిగి నీరు తేటపడుట ప్రతి గృహిణికిని తెలిసిన చిట్కా. తేటనీరెల్ల మంచినీరు కాదను సంగతి తెలియుటకు చాల కాలము పట్టినది.

ఆ చెరువు మెట్లు అందరికిని లేవు. ఎవరైన దయతలచి వంచి పోయుదాక గట్టుమీదనే వేచియుండవలసినవారు మన యూళ్ళన్నిటిలోను నుండిరి. నీటి చరిత్ర చెప్పుచు ఈ మాటను దాటవేయుట న్యాయము కాదు. అట్లు అడ్డగించుట శిక్షింపదగిన నేరమని పార్లమెంటు శాసనము చేయుటకు 1955 వరకు ఆగవలసివచ్చినది. శాసనమైన వెంటనే మెట్లన్నియు తెరుచుకొన్నవని చెప్పుటకును వీలులేదు.

ఆకాశమును నమ్మిన బ్రతుకు ఎట్లుండునో నందన నామ సంవత్సరము చూపినది. 1832-33 నాటి ఆ కరవులో గుంటూరు సీమలోని 5 లక్షల జనములో రమారమి 2 లక్షలమంది మరణించిరని లెక్కలు. కృష్ణకు ఈవలనున్న బందరు వీధులలో కూడ ఆకలిచావులు కనబడినవి. ఇంత జరుగుచుండగా కృష్ణ మాత్రము బెజవాడ కొండల నడుమనుండి సముద్రమునకు పోవుచునే యుండెను. నీరు లేక గాదు, నీటిని నిలుపు ఉపాయము లేక జనము నశించిరి.

ఆ యుపాయము రెండు దశాబ్దులకు గాని రాలేదు. ధవళేశ్వరమువద్ద గోదావరికి ఆనకట్ట కట్టిన ఆర్థరు కాటన్ కృష్ణకును అట్టిది కావలెనని గట్టిగా వాదించెను. 1852లో పని మొదలుపెట్టి, కెప్టెను ఆర్ పర్యవేక్షణమున 1855 నాటికి సీతానగరము కొండకును ఇంద్రకీలాద్రికిని నడుమ ఆనకట్టను పూర్తిచేసిరి. దాని పొడవు 3,700 అడుగులకు పైచిలుకు. దానినుండి బయలుదేరిన కాలువలలో ఒకటి సుమారు 70 కిలోమీటర్లు ప్రవహించి బందరు చేరినది. కాలువ త్రవ్వినవారి లెక్కలలో పంటయు, పడవయు ముఖ్యము. ఎకరమునకు శిస్తు వచ్చును, పడవకు సుంకము వచ్చును. దాహమునకు పన్ను కట్టువా రెవరు? అయినను బందరు స్త్రీలకు మాత్రము ఆ కాలువ మొట్టమొదట మంచినీళ్ళ కాలువయే. డెల్టా గ్రామములలో మంచినీళ్ళ చెరువును కాలువనీటితో నింపుకొని, పశువులను దిగనీయక కాపాడుకొను వాడుక ఏర్పడినది. ఉప్పునేలమీద పుట్టిన పట్టణమునకు, ఆకాశముతో ప్రమేయము లేకుండ, తీయని నీరు ఏటిగుండ నడచివచ్చుట చరిత్రలో అదియే మొదలు.

ఆ సంతోషమునకు పదియేండ్లు నిండకుండగనే 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చినది. ఆనాటి తుపానులో సముద్రము పోటు మట్టమునకు 13 అడుగుల ఎత్తున లేచి పట్టణమునంతను ముంచివేసినది. కొన్ని చోట్ల ఆ కెరటము 17 మైళ్ళ లోపలి వరకు పోయినది. సుమారు 30,000 మంది ప్రాణములు గోల్పోయిరి. మన భాషలో దీనిని ఉప్పెన యందురు. ఆ మాట వినినంతనే నోటికి ఉప్పు తగులును. ఉప్పెనలో మునిగినవాని గోడు అందరును చెప్పుదురు గాని, బ్రతికి బయటపడినవానికి తెల్లవారగనే కలుగు మొదటి కష్టము దప్పిక. చెరువు ఒకసారి సముద్రజలముతో నిండిన తరువాత అది తీసిన వెంటనే బాగుపడదు. ఉప్పు గట్లలోనికి, అడుగుమట్టిలోనికి దిగును. కళేబరముల మాట చెప్పనక్కరలేదు. ఎన్ని వానలు కురిసి ఎన్ని మారులు కడిగినచో ఆ నీరు మరల నోటపెట్టదగినదగును! మరుసటి సంవత్సరమే ఇంగ్లీషు దొరతనమువారు అక్కడి సైన్యమును తీసివేసిరి. ఊరి ప్రజలకు పోవుటకు మరొక చోటు లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలోను, నూట పదుమూడేండ్ల తరువాత, ఇదే కథ మరల జరిగినది.

1866లో బందరునకు పురపాలక సంఘము ఏర్పడినది. 1901 నాటికి పట్టణ జనసంఖ్య 39,507. అప్పటికి కాలువ మంచినీటితో పాటు మరొక దానిని కూడ తీసికొని రాగలదని లోకమునకు తెలిసినది. వాంతిభేదులను మనవారు మరిడమ్మ కోపమని భయపడి జాతరలు చేయుచుండగా, 1884లో కలకత్తాలో ఒక చెరువు నీటిలో రాబర్టు కాక్ కలరా క్రిమిని చూచెను. 1892లో జర్మనీలోని హాంబర్గు నగరము ఏటినీటిని వడపోయకయే త్రాగి వేలకొలది జనమును పోగొట్టుకొన్నది. దాని గోడకు గోడ యన్నట్లున్న ఆల్టోనా ఊరు, అదే యేటినీటిని ఇసుకలో వడపోసికొని, చాలవరకు తప్పించుకొన్నది. ఏటినీరు ఎగువవారు వదలినది, దిగువవారు త్రాగునది. ఈ పాఠము బందరునకు తగినంతగా మరి యే యూరికిని తగదు. ఎందుకనగా బందరు కాలువకు చిట్టచివరి ఊరు.

నీటి శుభ్రతను కంటితో కొలువగల పనివారు ఈ ప్రాంతముననే కలరు. వారు కలంకారీ అద్దకమువారు. పెడనలోను, బందరులోను బట్టకు కరక్కాయ పట్టించి, పటికయు ఇనుపరసమును అచ్చులతో అద్దిన తరువాత, దానిని పారు నీటిలో జాడింపవలెను. నిలువ నీటిలో జాడించినచో వదలిన రసము తెల్లని చోట్ల అంటుకొని బట్ట చెడును. కాలువ కట్టివేసినచో వారి చేతిపని నిలిచిపోవును. పూర్వము ఓడలకెక్కిన బందరు ఎరుపు వెనుక ఇసుకనేలలలో పెరుగు చిరివేరు ఎంత యున్నదో, పారు నీరును అంత యున్నది. పరిశోధకులు వేరును గూర్చి వ్రాసినంతగా నీటిని గూర్చి వ్రాయలేదు.

కాలువకు చివరనుండుట యనగా ఏమో రైతుకు వేరే చెప్పనక్కరలేదు. శివారు భూమికి నీరు కడపట చేరును, మొదట ఆగిపోవును. 1952లో పాత ఆనకట్టకు గండిపడినది. దాని స్థానమున కట్టిన ప్రకాశము బరాజు 1957లో పూర్తియైనది. 1967లో నాగార్జునసాగరము కాలువలకు నీరు వదలిరి. తరువాత ఎగువ రాష్ట్రములలోను పెద్ద జలాశయములు వెలసినవి. బచావతు న్యాయస్థానము 1970 దశకమున ఇచ్చిన తీర్పులో కృష్ణా డెల్టాకు 181.2 టి.ఎం.సి.ల నీరు కేటాయించినది. కాగితముమీది వాటా చెడలేదు గాని, వానలు తప్పిన యేండ్లలో ఆ నీరు బెజవాడకు ఎప్పుడు చేరునో, ఎంత చేరునో ఎగువ వానలు చెప్పవలెను. పట్టిసీమ ఎత్తిపోతల పథకము 2015లో ప్రారంభమైన పిమ్మట గోదావరి నీరు కూడ ప్రకాశము బరాజునకు వచ్చి కలియుచున్నది. ఆ యేర్పాటు లేనిచో కొన్ని యేండ్లు డెల్టాలో నాట్లే సాగియుండవు. బందరు గృహస్థుడు ఇప్పుడు ఏ నదీజలము త్రాగుచున్నాడో అతనికే తెలియదు.

ఏటేట వేసవిలో కాలువలు కట్టివేయుదురు. పొలములు ఆ నెలలలో ఎండియుండగలవు, మనుష్యులు ఉండలేరు. అందుకొరకు బెజవాడ బాటలో తరకటూరువద్ద నున్న వేసవి చెరువును ముందుగా నింపి, ఆ నీటిని పట్టణమునకు వాడుకొనుట ఏర్పాటు. 2011 లెక్కల ప్రకారము పట్టణ జనసంఖ్య 1,69,892. 2015లో అది నగరపాలక సంస్థ యైనది. కాలువ కట్టివేసిన నాటినుండి తిరిగి నీరు వదలు నాటివరకు ఇంతమందికి ఆ చెరువే ఆధారము. నీరు వదలుట ఒక పక్షము ఆలస్యమైనచో కుళాయి రోజు విడిచి రోజు వచ్చుటకు మొదలిడును.

ఇక నీటి గుణమును గూర్చి. బందరు కాలువ పుట్టుచునే విజయవాడ నడుమనుండి పోవును. 2011 నాటికే 10 లక్షలు దాటిన ఆ నగరపు మురుగులో కొంత ఆ కాలువలోనే పడుచు వచ్చినది. ఆ దిగువన గట్టుమీది గ్రామముల వాడుకనీరును, పొలములలో చల్లిన మందుల శేషమును కలియును. మురుగును శుద్ధిచేయు యంత్రములు నగరమున నెలకొల్పకపోలేదు. కాని కాలువలో పడునదంతయు ముందుగా వాని గుండ పోవుట లేదు. దిగువ పట్టణము ఎంత మంచి వడపోత పెట్టుకొన్నను, పై పట్టణము తన ఇల్లు చక్కబెట్టుకొననిదే దాని బరువు తగ్గదు. నిజమునకు ఈ ఖర్చు బందరు పద్దులో వ్రాయవలసినది కాదు.

వడపోసి క్లోరిను కలిపిన తరువాత కూడ నీరు ఇల్లు చేరువరకు భద్రమని యనుకొనరాదు. రోజుకు ఏ గంటయో రెండు గంటలో మాత్రమే నీరు వదలినచో, మిగిలిన కాలమంతయు గొట్టములు ఖాళీగా నుండును. ఖాళీ గొట్టము చిల్లులగుండ బయటి తేమను లోనికి పీల్చును. బందరు నేల చదును, సముద్రమట్టమునకు పెద్ద ఎత్తున లేదు. మురుగు కాలువలకు వాటము చాలదు. నేలలోని నీరు ఇంచుమించు పైననే యుండును. గొట్టము మునిగియున్నది ఆ నీటిలోనే. కుళాయి విప్పగనే వచ్చు మొదటి బిందెడు నీరు రంగు మారియుండుటకు కారణము చాలచోట్ల ఇదియే. ఎల్లవేళల నీటి ఒత్తిడి నిలిపియుంచిన గొట్టములోనికి బయటి మురుగు రాలేదు. నీరు కొంచెమైనను నిత్యముండుట ఆరోగ్యమునకు ఎంత ముఖ్యమో దీనివలన తెలియును.

1980 దశకము చివరినుండి తీరమున రొయ్యల చెరువులు పెరిగినవి. డబ్బు వచ్చినది, కాదనలేము. కాని సముద్రపు నీటిని, ఉప్పు కయ్యల నీటిని లోపలి భూములకు తోడి నిలువజేసినచో, చుట్టుపట్ల బావులు ఉప్పగుట తప్పదు. 1996 డిసెంబరులో సుప్రీముకోర్టు తీరమండలములో ఇట్టి చెరువులను నిషేధించుచు తీర్పు చెప్పినది. 2005లో పార్లమెంటు వేరొక చట్టము చేసి అనుమతుల పద్ధతి నేర్పరచినది. తీరపు నేల తనంత తానుగా తెచ్చుకొన్న ఉప్పునకు మనము పెట్టుబడి పెట్టి మరికొంత చేర్చినాము.

ఉప్పును విడదీయు ఉపాయము లేదా యన్నచో, కలదు. సుమారు 1960 నాటికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో సిడ్నీ లోబు, మన దేశమున పుట్టిన శ్రీనివాస శౌరిరాజను కలిసి ఉప్పును ఆపి నీటిని మాత్రము పోనిచ్చు పొర నొకదానిని తయారుచేసిరి. ఇప్పుడు బజారులలో 20 లీటర్ల డబ్బాలలో అమ్ము నీరు ఆ విద్య ఫలమే. అందులో రెండు చిక్కులు కలవు. పొరను దాటని ఉప్పంతయు కొంత నీటితో కలిసి చిక్కని ద్రవముగా మిగులును. దానిని వీధి కాలువలోనికి వదలినచో అది మరల ఈ నేలలోనికే చేరును. రెండవది, డబ్బా కొనగల ఇంటివారికి కుళాయి నీరు ఎట్లున్నను పట్టదు. పట్టించుకొని గట్టిగా అడుగగలవారు తప్పుకొన్న తరువాత ఆ కుళాయి, గొట్టపు చివరనున్న పేటలవారికి మిగులును. పూర్వము చెరువు గట్టున నిలిచినవారి మనుమలు అందులో కొందరైనను ఉందురు.

2023 మే నెలలో బందరు తీరమున క్రొత్త రేవు నిర్మాణమునకు పనులు ప్రారంభమైనవి. పూర్వపు రేవు చెడిపోవుటకు ఇసుక మేటలు కారణమని, సముద్రము లోతు చాలకపోవుట కారణమని చరిత్రలలో చదువుదుము. ఈ మారు సముద్రమును లోతుచేయు యంత్రములు కలవు. రేవు వచ్చినచో గిడ్డంగులు, కర్మాగారములు, పనివారు, వారి పిల్లలు వత్తురు. వీరందరికిని నీరు ఆ 70 కిలోమీటర్ల కాలువగుండనే రావలెను, లేదా సముద్రపు నీటిని శుద్ధిచేసికొనవలెను. ఎన్ని ఓడలు నిలుచునో ఇప్పటికే లెక్కలు కట్టిరి. ఫాల్గుణ మాసాంతమున తరకటూరు చెరువులో ఎన్ని అడుగుల నీరున్నదో ఆ ప్రక్కనే మరొక గడిలో వ్రాయుదురేమో చూడవలెను.